గడప దాటిన సైకిళ్లు

పీఈటీ ఉద్యోగంలో చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు బాన్సువాడలో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మాకు నాలుగు మాటలు చెప్పండి" అంటారు. వాళ్ల మనసులో మైదానం, మెడలో విజిల్, చేతిలో కప్పు ఉంటాయి. నేను మాత్రం ముందు ఓ తాడు ముక్క ఇచ్చి, వరండాలో ఉన్న సైకిల్‌ను గేటుకు కట్టమంటాను. కట్టాక రెండు చేతులతో పట్టుకుని ఊపుతాను. ఊగని కట్టు కట్టినవాళ్లు ఇప్పటిదాకా చాలా తక్కువ. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి, పోటీల దగ్గర దిగాక వచ్చే ఏడుపు కన్నా ఈ కోపం నయం.

నేను ఈ చుట్టుపక్కల ఒక బాలికల గురుకులంలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి ఇక్కడ రాయను. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకు నిద్ర తెప్పిస్తాయి. నేను చెప్పాలనుకున్నది సైకిళ్ల సంగతి.

మా పిల్లల్లో చాలామంది తండాల నుంచి వచ్చినవాళ్లు. అన్నల సైకిళ్లకు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నవాళ్లు. కబడ్డీలో మా బడి ఓడింది, ఖోఖోలో ఓడింది, సైకిల్ రేసులో మాత్రం మమ్మల్ని చూసి మిగతా బడులు లేచి నిలబడేవి. అయితే రేసులో పిల్ల తొక్కేది కాసేపే. ఆ కాసేపటి కోసం సైకిల్‌ను జిల్లాలు దాటించి, చెక్కుచెదరకుండా కిందికి దింపాలి. నా ఉద్యోగంలో సగం ఆ దింపడమే. శిక్షణ కాలేజీలో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

వడ్ల బస్తాలు కావు

సక్కుబాయి అని మా దగ్గర ఓ పిల్ల ఉండేది. పిట్లం రోడ్డు మీది తండా వాళ్లది. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. బడికి ఉన్న ఒక్కగానొక్క రేసు సైకిల్ ఆమె చేతికి వచ్చాక, దాన్ని ఇంకెవరైనా ముట్టుకుంటే ఆ పూట అన్నం తినేది కాదు. జిల్లాలో ఆమె ముందు నిలిచినవాళ్లు లేరు.

మొదటిసారి రాష్ట్ర పోటీలకు ఎంపికైనప్పుడు సైకిళ్లు ఎలా తీసుకెళ్లాలన్న ప్రశ్న వచ్చింది. పిల్లలతో నేను బస్సులో పోవాలి, సైకిళ్లు వెనక డీసీఎం వ్యానులో రావాలి అని మా ప్రిన్సిపాల్ గారు నిర్ణయించేశారు. నిలబెట్టి కట్టించాలని నేను చెప్పబోతే నవ్వారు.

"ఇనుమే గద మేడం, ఇరుగుతదా?"

ఆవిడ చెడ్డ మనిషి కాదు. పిల్లల కూర ఎలా ఉందో వంటగదిలోకి పోయి రోజూ తిని చూసేవారు. కానీ ఆటలంటే ఆవిడకు ఆఫీసు గోడ మీద వేలాడే ఫొటో మాత్రమే. ఇలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్లతో పోట్లాడకండి, వాళ్లు లేనప్పుడు మీ పని మీరు చేసుకోండి.

ఆ వ్యాను రోజూ వడ్లు మోసేది. హమాలీలకు తెలిసిన పద్ధతిలోనే వాళ్లు సైకిళ్లను ఎక్కించారు. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పైనుంచి తాడు వేసి, కాలు తన్నిపెట్టి బిగించారు. "ఒక్కటి గూడ కదలదు" అని మాట ఇచ్చారట. నిజంగానే ఏదీ కదల్లేదు. అన్నిటికన్నా అడుగున పడ్డది రేసు సైకిల్. వెనక చక్రం దగ్గర గొలుసును అటూ ఇటూ జరిపే చిన్న గేరు చెయ్యి ఉంటుంది చూశారా, ఆ వైపే కిందికి వచ్చింది. మిగతా సైకిళ్ల బరువంతా దారి పొడవునా దాని మీదే పడింది.

పైకి చూస్తే ఏమీ తెలియదు. రేసు మొదలై, సక్కు గేరు మార్చగానే గొలుసు పోయి చక్రం పుల్లల్లో ఇరుక్కుంది. మేమంతా గీత దగ్గర ఎదురుచూస్తున్నాం. అందరూ వచ్చేశారు. చివర్లో దూరంగా ఓ పిల్ల సైకిల్‌ను భుజం మీద పెట్టుకుని పరుగెత్తుకుంటూ వస్తోంది. గీత దాటి, సైకిల్ దింపి, నా ముందు నిలబడింది. ఏడవలేదు.

"మేడం, వచ్చే ఏడు గూడ గిట్లనే తీస్కపోతరా?" అని అడిగింది.

ఆ ప్రశ్న విన్నాక నాకు చాలా రోజులు మనసు మనసులో లేదు. వచ్చే ఏడు ఆమె పదో తరగతి. ఆ వయసు విభాగంలో అదే ఆఖరి అవకాశం. రాష్ట్రంలో మొదటి స్థానం వస్తే క్రీడా హాస్టల్‌లో సీటు, చదువు, శిక్షణ అన్నీ దొరుకుతాయి. రాకపోతే ఇంటివాళ్లతో చెరకు కోతకు పోవాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రిన్సిపాల్ గారికి కూడా తెలుసని తరువాత అర్థమైంది. ఒకరోజు నన్ను పిలిచి, "ఈసారి మీరెట్లంటే అట్ల మేడం, నేను నడుమ రాను" అన్నారు. అలా పక్కకు తప్పుకోవడం ఎంతమంది పైవాళ్లకు చేతనవుతుంది?

మల్లెమొగ్గ కాదు, మొగ్గు

నిజాంసాగర్ కాలువ కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్లున్నాయి. వాటిని మా దగ్గర క్యాంపులంటారు. అలాంటి ఓ క్యాంపులో సత్యం గారని వరి రైతు ఉన్నారు. ఆయన దగ్గర జీపు, దాని వెనక తగిలించే ట్రైలర్ ఒకటి ఉండేవి. మామూలు ట్రైలర్ కాదు, చక్రాల మీద ఇల్లు. లోపల పడుకోవడానికి రెండు బల్లలు, ఫ్యాను, చిన్న పూజ అల్మారా. తలుపు దగ్గర నిజమైన చెక్క గడప, దానికి పసుపు, బొట్లు. భార్యాభర్తలిద్దరూ అందులో కాశీ పోయొచ్చారు, షిర్డీ పోయొచ్చారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు వచ్చాక అది షెడ్డులో ఊరికే నిలబడిపోయింది. జనం దాన్ని ఇల్లు బండి అనేవాళ్లు.

నేను పోయి అడగ్గానే ఆయన ఒప్పుకున్నారు. పైగా ఉత్సాహపడ్డారు.

"పిల్లల కోసమంటే కాదంటానా మేడం? నేనే తోలతాను. కానీ ఒక్క మాట. చెప్పులు గడప బయటే విప్పాలి. సైకిళ్లు కూడా బయటే."

"లోపల జాగుంది గద సత్యం గారూ?"

"చెప్పులే బయట విడుస్తాం. ఊళ్లో రోడ్లన్నీ తొక్కొచ్చిన చక్రాలు పూజ గదిలోకి ఎలాగండీ? మా ఆవిడకు మాటిచ్చాను. ఆ గడప లోపలికి చెప్పు రాదు, చక్రం రాదు."

ఇంకో మనిషైతే వాదించేదాన్నేమో. ఆయన మొహం చూస్తే వాదించబుద్ధి కాలేదు. సైకిళ్ల కోసం ట్రైలర్ తోకకు ఇనుప చట్రం ఒకటి తానే గీసి, వెల్డింగ్ చేయించి, ఆకుపచ్చ రంగు వేయించారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. దానికి ఆ ఏడు ఎంపికైన నలుగురు పిల్లల సైకిళ్లూ తగిలించి, ఓసారి బిచ్కుంద దాకా పోయొద్దామని బయలుదేరాం.

ఊరు దాటి వేగం పెరగగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. అద్దంలో చూస్తే నాకు మా నాయిన గుర్తొచ్చాడు. మాది పిట్లం దగ్గర పల్లె. ఆయన ఎడ్లబండి మీద జొన్నలు మోసేవాడు. బండి నింపుతుంటే పదిసార్లు దిగి, కాడి దగ్గర నిలబడి చేత్తో ఎత్తి చూసేవాడు. బరువు వెనక్కి పోతే కాడి పైకి లేస్తుంది, ఎడ్ల మెడకు పలుపు తాడు ఉరి పడుతుంది. అందుకే "మొగ్గు ముందుకుండాలె బిడ్డా" అనేవాడు. జీపుకు మెడ లేదు గానీ సూత్రం అదే. ట్రైలర్ ముక్కు జీపు కొక్కెం మీద కాస్త బరువుగా కూర్చోవాలి. తోకకు బరువు కడితే ముక్కు తేలిపోతుంది, బండి ఊగుతుంది.

"సత్యం గారూ, మొగ్గు లేదు. మొగ్గు ముందుకే ఉండాలె" అన్నాను.

"మొగ్గేంటి మేడం, మల్లెమొగ్గా?" అని ఆయన గలగలా నవ్వారు. "కాశీ దాకా లాగానండీ దీన్ని!"

"కాశీకి పోంగ తోకకు ఏం కట్టిండ్రు?"

ఆయన ఊరుకునే రకం కాదు. ట్రైలర్ ముక్కు మీద పెద్ద నీళ్ల డ్రమ్ము బిగించి ఉంటుంది. బయటి నీళ్లు పడవని వాళ్లావిడ ఎక్కడికి పోయినా ఇంటి నీళ్లే నింపించేది. ఆ రోజు అది ఖాళీగా ఉంది. బిచ్కుందలో దాన్ని నిండా నింపించి తిరుగు దారి పట్టారు. ఊగడం ఆగిపోయింది. "చూశారా!" అని ఇంటిదాకా ఆ మాటే అంటూ వచ్చారు. నాకూ సరే అనిపించింది. డ్రమ్ము నిండుగా ఉన్నంతసేపు మొగ్గు ముందుకే ఉంది.

అయినా తోక తోకే. రోడ్డు మీద గుంత వస్తే జీపులో మనకు చిన్న కుదుపు, ట్రైలర్ చివర కట్టిన సైకిల్‌కు గంతు. అందుకని నైలాన్ తాడు మానేసి పాత సైకిల్ ట్యూబులు పట్టీలుగా కోయించాను. రబ్బరు కుదుపును మింగుతుంది, రంగు గీరదు. రేసు సైకిల్ గేరు చేతికి మా ఇంటి బొంత చుట్టాను. ఏ రెండు సైకిళ్ల ఇనుము ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గోనెపట్టాలు పెట్టాం. వెనక లైట్లు, నంబరు ప్లేటు కనబడేలా చూశాం. బయలుదేరిన కాసేపటికే ఓసారి ఆగి ప్రతి కట్టునూ చేత్తో పట్టి చూడండి, ఎంత బాగా కట్టినా మొదటి కుదుపులకు అది వదులవుతుంది. ఇంకోటి, కదిలే ట్రైలర్‌లో మనిషిని కూర్చోబెట్టకండి. ఎవరు బతిమాలినా సరే.

మెదక్ దాటాక

రాష్ట్ర పోటీలు ఆ ఏడు వరంగల్ వైపు జరిగాయి. ఎల్లారెడ్డి, మెదక్ మీదుగా మా ప్రయాణం. జీపులో సత్యం గారు, నేను, నలుగురు పిల్లలు, పిల్లలకు తోడుగా సక్కు తల్లి సోనాబాయి. ఆవిడ కూతురికి పూర్తిగా విరుద్ధం. ఎక్కింది మొదలు దిగేదాకా మాట్లాడుతూనే ఉంటుంది. సత్యం గారిని మొదటి మలుపులోనే అన్నను చేసుకుంది.

మెదక్ దాటాక చింతచెట్ల నీడలో అన్నాలకు ఆగాం. సోనాబాయి తెచ్చిన జొన్నరొట్టెలు, సత్యం గారింటి పులిహోర. తినేసి పిల్లలు డ్రమ్ము నీళ్లతో చేతులు కడుక్కున్నారు, గిన్నెలు కడిగారు. సైకిళ్ల మీద దుమ్ము పడిందని వాటినీ కడిగారు. మిగిలిన నీళ్లు ఎండకు కాగిపోయాయని, సిద్దిపేటలో తెలిసినవాళ్లింట్లో మళ్లీ నింపుకుందామని సత్యం గారు అడుగున ఉన్న కుళాయి తిప్పేశారు. నేనప్పుడు దూరంగా నిలబడి పోటీల కార్యాలయంతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. తిరిగొచ్చేసరికి నేల తడిగా ఉంది. పిల్లలు ఆడుకున్నారేమో అనుకుని ఎక్కేశాను.

కాసేపటికి దారి పల్లంలోకి దిగింది. జీపు వేగం అందుకుంది. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు జీపు ఒక పక్కకు జరిగింది, వెంటనే రెండో పక్కకు. అద్దంలో ట్రైలర్ రోడ్డంతా తనదే అన్నట్టు ఊగుతోంది. ఎదురుగా లారీ హారన్ కొడుతూ వస్తోంది. పిల్లలు అరుస్తున్నారు. సత్యం గారి కాలు బ్రేకు మీదికి పోవడం చూశాను.

"బ్రేకు తొక్కకుండ్రి! కాలు తియ్యిండ్రి! స్టీరింగ్ సక్కగ పట్టుండ్రి, తిప్పకుండ్రి!"

మైదానంలో ఈ చివర నుంచి ఆ చివరకు వినబడే గొంతు నాది. ఆ రోజు అది అక్కరకొచ్చింది. ఆయన కాలు తీసేశారు. స్టీరింగ్‌ను రెండు చేతులా బిగించి పట్టుకున్నారు. వేగం తగ్గుతున్నకొద్దీ ఊగడం తగ్గింది. లారీ మమ్మల్ని ఒరుసుకున్నట్టే పోయింది. ఆఖరికి జీపు రోడ్డు పక్కన ఆగింది.

అందరికన్నా ముందు సక్కు దూకి వెనక్కి పరుగెత్తింది. నేను పోయేసరికి నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆకుపచ్చ చట్రం ఒక పక్క వెల్డింగ్ దగ్గర విడిపోయి కిందికి వాలింది. రేసు సైకిల్ ట్యూబు పట్టీల మీదే వేలాడుతోంది. నేను బొంత విప్పి, గేరు చెయ్యి చూసి, పెడల్ తిప్పాను. గొలుసు ఒక్కో పళ్ల చక్రం మీదికి సాఫీగా ఎక్కి దిగింది. ఏమీ కాలేదు. అప్పుడు సక్కు ఏడ్చింది. పోయిన ఏడాది ఏడవని ఏడుపంతా కలిపి ఏడ్చింది.

"మేడం, దీన్ని ఇగ తోకకు కట్టకుండ్రి. కట్టేటట్టయితే నేను గీడికెళ్లి తొక్కుకుంటనే పోత."

సత్యం గారు ఖాళీ డ్రమ్మును చేత్తో తట్టారు. డొల్ల చప్పుడు వచ్చింది. నా వైపు చూశారు. ఆయన తల దించుకోవడం చూడలేక నేనే మొహం తిప్పుకున్నాను.

పసుపు ఎక్కడ పెట్టాలి

డ్రమ్ము నింపినా విరిగిన చట్రానికి సైకిళ్లు కట్టలేం. జీపు మీద జాగా లేదు. మిగిలింది ట్రైలర్ లోపలే. రెండు బల్లల మధ్య, సరిగ్గా ఇరుసు మీద, కాస్త ముందుకు పెడితే మొగ్గు కూడా కుదురుతుంది. మొదటి రోజు నుంచీ సైకిళ్లకు తగిన చోటు అదే. అడ్డమున్నది ఓ చెక్క గడప.

అందరం గడప వైపే చూస్తున్నాం. సత్యం గారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అటూ ఇటూ తిరిగారు.

"నాకు అర్థం కాక కాదు మేడం. మాటిచ్చానండీ. ఆవిడ ఆ గడపకు పసుపు రాయకుండా బండి కదలనిచ్చేది కాదు."

నాకు లోపల కోపం ఉడుకుతోంది. ఓ పిల్ల బతుకు రోడ్డు మీద నిలబడి ఉంటే ఈయన చక్రాల మైల గురించి ఆలోచిస్తున్నాడు అనుకున్నాను. నోరు తెరిచి ఉంటే ఆ ప్రయాణం అక్కడే ముగిసేది. నాకన్నా ముందు సోనాబాయి నోరు తెరిచింది.

"అన్నా, దసరకు మీ ట్రాక్టర్‌కు బొట్టు పెడ్తరా, పెట్టరా?"

"ఎందుకు పెట్టనమ్మా? దండేసి కొబ్బరికాయ కొడతాం."

"దాని చక్రం ఏడ తిరుగుతది? బురదల, పెంటల తిరుగదా? కడిగి బొట్టు పెట్టినంక దానికి దండం పెడ్తరు గద?"

"పెడతాం..."

"మరి గీటిని గూడ కడిగి బొట్టు పెడ్త. అప్పుడు గివి చెప్పులా, దేవుళ్లా? నువ్వే చెప్పు. దేవుడు వస్తనంటే మా వదిన గడప కాడ ఆపుతదా?"

సత్యం గారు ఆమెను చూశారు, గడపను చూశారు. ముందు మీసాల్లో నవ్వు కదిలింది, తరువాత గట్టిగా నవ్వేశారు. జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి చేశారు. జరిగిందంతా చెప్పి, ఆవిడ చెప్పింది విని, ఫోన్ పెట్టేశారు.

"పసుపు డబ్బా అల్మారాలో ఎడమ పక్కన ఉందట. కుంకుమ కూడా మర్చిపోవద్దంది."

నీళ్లు లేవు, ఉన్నవన్నీ మేమే పారబోశాం. పక్క పొలంలో మోటరు పోస్తోంది. పిల్లలు సైకిళ్లను గట్టు మీద నడిపించుకుపోయి టైర్లు, ఇరుసులు తళతళలాడేలా కడిగారు. మోటరు నీళ్లతోనే డ్రమ్మూ నింపాం. సోనాబాయి పసుపు కలిపి, ఒంగి, చక్రం అంచుకు పూయబోయింది.

"రిమ్ముకు వద్దు! రిమ్ముకు వద్దు!" అని అరిచాను. "బ్రేకు పట్టేది గాన్నే. పసుపు అంటితే జారుతది!"

"మరి దేవునికి బొట్టు ఏడ పెట్టాలె?" అంది ఆవిడ పసుపు చెయ్యి గాల్లో ఆపి.

"హ్యాండిల్‌కు పెట్టు."

"సీటు కింద కూడా ఒకటి పెట్టమ్మా" అన్నారు సత్యం గారు. ఆయన అప్పటికే అగరొత్తులు వెలిగిస్తున్నారు.

రేసు సైకిల్‌ను ముందు ఆయనే ఎత్తారు. గడప దగ్గర ఓ క్షణం ఆగి, చెప్పులు విడిచి, కుడికాలు లోపల పెట్టారు. సక్కు వెనక చక్రం పట్టుకుని ఆయన వెంట పోయింది. ఆ పిల్ల మొహం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. రోడ్డు మీద పోయే మోటారు సైకిళ్లవాళ్లు ఆగి మరీ చూశారు. చూస్తే చూడనీ! నాలుగు సైకిళ్లూ బొట్లు పెట్టుకుని బల్లల మధ్య నిలబడ్డాయి. గేరు చెయ్యి, పెడళ్లు దేనికీ తగలకుండా ముందు చక్రాలు అటొకటి ఇటొకటి పెట్టి, మధ్యలో పరుపులు దూర్చి, ట్యూబు పట్టీలతో బల్లల కాళ్లకు బిగించాను. పట్టి ఊపాను. ఒక్కటీ ఊగలేదు.

అక్కడి నుంచి ట్రైలర్ జీపు వెనక బుద్ధిగా వచ్చింది. సత్యం గారు మధ్యమధ్య అద్దంలో చూసుకుని తల ఊపుతున్నారు. నేను మాత్రం "చూశారా!" అనలేదు. గెలిచినవాళ్లు నోరు మూసుకోవడం కూడా మా వృత్తిలో నేర్చుకోవాల్సిందే.

గీత దగ్గర

పోటీల మైదానంలో ఎటు చూసినా పోయిన ఏడాది మా కథే. బస్సు టాపు మీద వచ్చి వంకరపోయిన చక్రాలు, తెగిన బ్రేకు తీగలు. ఇద్దరు ముగ్గురు పీఈటీలు నా పానాల పెట్టె అరువు తీసుకున్నారు. ఒకాయన మా సైకిళ్ల బొట్లు చూసి, "ఏంది మేడం, రేసుకొచ్చిండ్రా, పూజకొచ్చిండ్రా?" అని నవ్వాడు. "రెండిటికీ" అన్నాను.

ఒక్కొక్కరినే వదిలి సమయం కొలిచే రేసు అది. సక్కు సీటు వెనక నేనే పట్టుకుని నిలబడ్డాను. ఆ సైకిల్ దగ్గర పసుపు వాసన వస్తోంది. విజిల్ పడగానే ఆమె నా చేతుల్లోంచి వెళ్లిపోయింది. మలుపు దాకా కనబడింది, తరువాత లేదు. ఆమె మొదటి గేరు మార్చేది ఆ మలుపు దాటాకే. గొలుసు ఎక్కిందా, జారిందా? గీత దగ్గర నిలబడినవాళ్లకు ఏం తెలుస్తుంది? సోనాబాయి నా చెయ్యి పట్టుకుని, గాజులు గుచ్చుకునేలా నొక్కుతోంది.

"మేడం, వచ్చెటోళ్లల్ల భుజం మీద సైకిల్ ఉన్నదా సూడుండ్రి" అంది.

లేదు. వంగిన వీపు, తిరిగే కాళ్లు, హ్యాండిల్ మీద చిన్న పసుపు చుక్క. ఆమెకు పట్టినంత తక్కువ సమయం ఆ రోజు ఇంకెవరికీ పట్టలేదు, మొదటి స్థానం ఆమెదే. ఫలితం చెప్పాక నేనేం అరిచానో నాకు తెలియదు. మూడు రోజులు గొంతు లేదు. సత్యం గారు మాత్రం పరుగెత్తి పోయి ముందు సైకిల్‌కు దండం పెట్టారు, తరువాత సక్కు నెత్తిన చెయ్యి పెట్టారు. క్రీడా హాస్టల్ సీటు మాట అక్కడే ఖాయమైంది. సోనాబాయి దాని గురించి నలుగురికి నాలుగుసార్లు చెప్పి, చెరకు కొడవలి ఇంట్లో తుప్పు పట్టనీ అని తేల్చేసింది.

తిరుగు దారి

తిరుగు ప్రయాణంలో సైకిళ్లు లోపల ఎక్కాకే సత్యం గారు మమ్మల్ని జీపెక్కనిచ్చారు. గడప మీద తడి టైరు గీసిన నల్లటి చార ఒకటి మిగిలింది. పిల్లలు తుడవబోతే వద్దన్నారు. "మా ఆవిడ చూడాలి, ఉండనీయండి" అన్నారు. ఆ చార ఇప్పటికీ ఉంది. పక్కన పసుపు రాస్తారు గానీ దాన్ని ముట్టుకోరు.

బాన్సువాడ పొలిమేరకు రాగానే సక్కు జీపు ఆపమంది. ఎంత దూరమైనా నోరు విప్పని పిల్ల అడిగితే ఆపక తప్పుతుందా? నలుగురూ దిగి, ఇల్లు బండి తలుపు తీసి, చెప్పులు విడిచి లోపలికి పోయారు. పట్టీలు విప్పిన చప్పుడు వినబడింది. ఒక్కో సైకిల్ గడప దాటి బయటికి వచ్చింది.

"మేడం, ఇగ మోసింది సాలు. తొక్కుకుంట పోతం" అంది సక్కు. ఆమె నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

బస్టాండు ముందు నుంచి, అంగళ్ల ముందు నుంచి నలుగురూ బారుగా పోయారు. జనం చాయ్ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు. జీపులోంచి సగం బయటికి వంగి సోనాబాయి కనబడ్డవాళ్లందరికీ, "ముందలున్నది నా బిడ్డె! నా బిడ్డె!" అని చెబుతోంది. నాకు కళ్ల వెంట నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఖాళీ ట్రైలర్‌ను చూసి అంత సంతోషపడ్డ రోజు నాకు ఇంకోటి లేదు.

పిట్లం రోడ్డు ఎక్కాక దారి ఖాళీగా ఉంది. అయినా జీపు సైకిళ్ల వెనకే నడకలా పోతోంది. ముందుపోతే సక్కు వాళ్ల తండాలో కబురు చెప్పొచ్చు కదా అనుకున్నాను.

"సత్యం గారూ, దాటి పోవచ్చు గద?"

ఆయన హారన్ మీద చెయ్యి కూడా పెట్టలేదు. ముందు పోతున్న పిల్లనే చూస్తూ అన్నారు:

"దాటనండీ. మొగ్గు ముందుకే ఉండాలన్నది మీరేగా మేడం!"